చుట్టం వస్తే కొట్టే మందు

హైదరాబాదు,
23 జూన్ 2024, ఆదివారం.

పెద్దమ్మా,

నీకూ, పెద్దనాయనకూ, మేరీ అక్కకూ, అక్క కడుపులో కాళ్ళు చాపుకొని ఉన్న పెద్దమనిషికీ వందనాలు.

ఫోన్ ఉండగా ఈ కాగితమేందని అడుగుతావు. ఫోన్ ఉండేది పెద్దనాయన జేబులో. ఆయన ఎత్తితే స్పీకర్ మీదనే ఎత్తుతాడు, అదీ టీ అంగడి ముందర నిలబడి. పోయినవారం "అక్కకు కాళ్ళ వాపు తగ్గిందా" అని నేనడిగితే "తగ్గిందంటమ్మా, మోషనే ఇంకా ఫ్రీగా కావడం లేదంట" అని జవాబు చెప్పింది ఎవరనుకున్నావు? పంచర్ షాపు జోసెఫన్న. ఇకమీద ఉత్తరమే. మన బస్సు డ్రైవరు మాలకొండయ్య మామ చేతికిస్తే కొమరోలులో నీ చేతికే ఇస్తాడు. నువ్వు జవాబును కారప్పొడి డబ్బాలో పెట్టి పంపు. డబ్బాలో జవాబు ఒక్కటే పెట్టి పంపొద్దు.

నా ఉద్యోగమేందో నీకు సరిగా చెప్పనేలేదు. ఇక్కడ సిటీలో కడుపుతో ఉండే ఆడవాళ్ళ ఒంట్లోకి పురుగు మందు ఎంత పోతోందో, ఏ దారిన పోతోందో కొలిచే పరిశోధన ఇది. ఇంటింటికీ తిరిగేది నేను. గాలిలోని మందును పీల్చుకునే రబ్బరు పట్టీ ఒకటి వాళ్ళ చేతికి వేస్తా. గాలిని పీల్చే చిన్న మిషన్ ఒకటి వంటింట్లో పెడతా. తడి గుడ్డతో గచ్చు తుడిచి ఆ గుడ్డను సీసాలో వేస్తా. ఇంకో సీసాలో వాళ్ళ మూత్రం తీసుకుంటా. అన్నీ ఐసు పెట్టెలో పెట్టుకొని సిటీ బస్సులో ల్యాబుకు మోస్తా. పక్క సీటాయన ఐస్‌క్రీమ్ ఎంతమ్మా అని అడుగుతాడు.

ఇళ్ళు మాత్రం చూడాలి పెద్దమ్మా. ప్రియాంక అని ఒకామె ఉంది, ఆరో నెల. ఆమె అత్త లక్ష్మమ్మ గారి వంటిల్లు చూస్తే, వంట చేస్తారా, లేక దండం పెట్టుకుంటారా అనిపిస్తుంది. బొద్దింక కాదు గదా, బొద్దింక మీసం కూడా కనపడదు. అట్లాంటి ఇంట్లో మందెందుకుంటుందని నా నమ్మకం.

మేరీ అక్కను మందు దగ్గరికి పోనీయొద్దు. పోయినసారి ఐదో నెలలో అట్ల అయిపోయిన తర్వాత మళ్ళీ ఇప్పుడు ఏడో నెల దాకా వచ్చింది. నాకు సీసాల మీద పేర్లు రాసేటప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

జూలై 6, శనివారం పొద్దునకల్లా ఇంట్లో ఉంటా.

ఇట్లు,
సీసాల జెస్సీ


కొమరోలు,
8 జూలై, సోమవారం.

చిరంజీవి జెస్సీకి పెద్దమ్మ యేసుమణి దీవెనలు. ప్రభువు నీకు కొంచెం బుద్ధి కూడా దయచేయును గాక.

శనివారం వస్తానంటివి. కోడిని కోయిస్తిని. నువ్వు రాకపోతివి. ఆదివారం ఉద్యోగం పడిందని పెద్దనాయన ఫోనుకు చేసి చెప్పినావంట. నాకంటే ముందు టీ అంగడికి తెలిసింది. నీ తొడ ముక్క పెద్దనాయన తిన్నాడు, బాధపడుతూనే తిన్నాడు.

తల్లి పోయిన పిల్లలని మిమ్మల్నిద్దరినీ రెక్కల కింద పెట్టుకొని సాకితిని. మార్కాపురంలో డిగ్రీ చదివిస్తిని. ఇందుకా, ఊరోళ్ళ ఉచ్చ సీసాలు మోయడానికా? ఆ ముక్క మాత్రం ఎవురికీ చెప్పలేదు. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు "మా జెస్సీ సిటీలో పురుగుల ఇన్‌స్పెక్టరు అయింది" అని చెప్పినా. అందరూ చప్పట్లు కొట్టినారు. అంగడి సుందరరామయ్య శెట్టి, వచ్చినప్పుడు మా కందిపప్పు కూడా చూస్తుందా అని అడిగినాడు.

మందు సంగతి నాకు నువ్వు చెప్పాల్నా? అక్కను చేనుగట్టు తొక్కనీయలేదు. పక్క పత్తి చేన్లో మందు కొడతాండారంటే చాలు, తలుపులు కిటికీలు అన్నీ బిగించేస్తున్నా. గాలి కూడా నన్నడిగే లోపలికి రావాల.

నువ్వొస్తావని ఇల్లు అద్దం మాదిరి పెట్టినాను. అంత పెద్ద ఇన్‌స్పెక్టరు వస్తే మన వంటింట్లో పురుగనేది కనపడితే నా పేరు యేసుమణి కాదు. మేరీకి శనివారమంతా వాంతులు, తలనొప్పి. నీ మీద బెంగ.

ఇంకో మాట. ముండ్లమూరులో ఒక సంబంధం ఉంది. పిల్లోని పేరు శ్యాంసన్. ఎరువుల దుకాణం, పురుగు మందులు కూడా. నువ్వు మందు కొలుస్తావు, ఆయన మందు అమ్ముతాడు. ఇంతకంటే దేవుడు ఎట్ల కలపాల?

దీవెనలతో, కారప్పొడితో (వెల్లుల్లి ఎక్కువేసినా),
పెద్దమ్మ


హైదరాబాదు,
16 జూలై.

నా ఉద్యోగానికి కొత్త పేరు పెట్టిన పెద్దమ్మకు,

ఆ ఇన్‌స్పెక్టర్ మాట వెంటనే వెనక్కి తీసుకో. శెట్టిగారి కందిపప్పు ఫొటోలు నాలుగు వాట్సాప్‌కు వచ్చినాయి, ఒకటి దగ్గర నుంచి.

సంబంధం సంగతి. పురుగు మందు కొలిచే పిల్లకు పురుగు మందు అమ్మే మొగుడంటే, దొంగను పట్టే పోలీసుకు దొంగనిచ్చి చేసినట్టుంది. వద్దని చెప్పు. గట్టిగా చెప్పు. నువ్వు వద్దని చెప్పినా రమ్మన్నట్టే వినిపిస్తుంది, అదీ నా భయం.

ఇక్కడ నా నెత్తి మీద ఒక గొడవ వచ్చి పడింది. ల్యాబు నుంచి లెక్కలొచ్చినాయి. మా శివకృష్ణ సార్ నన్ను పిలిచి కంప్యూటర్ నా వైపు తిప్పినాడు. నేను పోయిన ఇళ్ళన్నిట్లో గచ్చు మీద మందు బాగా ఉందంట. అన్నిటికంటే ఎక్కువ ఎక్కడో చెప్పనా? లక్ష్మమ్మ గారి దండం పెట్టుకునే వంటింట్లో! నేనేమో ఆమె చెప్పినట్టే "ఈ ఇంట్లో మందు వాడరు" అని రాసుకొచ్చినా. నేను మళ్ళీ పోయి అడిగితే ఆమె కాఫీ గ్లాసు ఠక్కుమని పెట్టి, "మా ఇంట్లో బొద్దింకలే లేవు, మందెందుకమ్మా? నీకు కనపడిందా ఒక్కటన్నా?" అనింది. కనపడలేదు. నిజం.

సార్ మాట వినాలి: "జెస్సీ, మీరు నిజంగా ఇళ్ళకు పోయి అడుగుతున్నారా, లేక హాస్టల్లో కూర్చొని టిక్కులు పెడుతున్నారా?" నాకు కోపంతో చెవులు కాలినాయి. రూలు ప్రకారం ముందురోజు ఫోన్ చేసి, "రేపు పదింటికి వస్తున్నానండీ" అని చెప్పి మరీ పోతానే! ఇంకెట్ల పోవాల?

అక్కకు ఈ నెలలో వాంతులేంది? గిద్దలూరులో డాక్టరమ్మకు చూపించు. బెంగ అని చెప్పొద్దు, నా మీద బెంగపడే ఓపిక దానికి చిన్నప్పట్నుంచీ లేదు.

28, ఆదివారం కచ్చితంగా వస్తా. కోడిని ముందే కోయొద్దు, నా మొహం చూసి కోయి.

చెవులు ఇంకా చల్లారని,
జెస్సీ


కొమరోలు,
29 జూలై.

మాట మీద నిలబడని జెస్సీకి,

మళ్ళీ రాకపోతివి, మళ్ళీ ఆదివారం ఉద్యోగమంటివి. కోడి నీ మొహం చూడకుండానే బతికి ఉంది. ఇప్పుడది నన్ను చూసి పక్కకు జరగడం కూడా లేదు.

నువ్వు వద్దని చెప్పమన్నావని శ్యాంసన్ వాళ్ళకు చెప్పినా. ఆదివారం భోజనానికి వచ్చినారు. పిల్లోడు నల్లగా, నెమ్మదిగా ఉన్నాడు. పప్పు మూడుసార్లు వేయించుకున్నాడు. వాళ్ళమ్మ మన ఇల్లు నాలుగు మూలలా చూసి, "ఏం వదినా, మీ ఇంట్లో చీమ కూడా లేదే" అనింది. నా కడుపు నిండింది.

లేకుండా ఎట్ల ఉంటాయి? నువ్వొస్తానన్న రెండుసార్లూ ముందురోజు ఇల్లంతా మందు కొట్టించినా గదా! నువ్వు పొలం మందును చూసి భయపడతావని ఆ మందు కాదులే. ఇది ఇంటి మందు. డబ్బా మీద మల్లెపువ్వు బొమ్మ ఉంటది, మంచి వాసన. వంటిల్లు, మంచాల కింద, మేరీ పడుకునే గదిలో బీరువా వెనక, ఎక్కడా వదల్లేదు. కొట్టి తలుపులు బిగించినామంటే తెల్లారేటప్పటికి చీపురు నిండా బొద్దింకలు. చుట్టం వస్తే మందు కొట్టకుండా ఎట్లనే? వచ్చినోళ్ళ కాళ్ళ మీద అది పాకితే మనం తల ఎట్ల ఎత్తుకొని తిరగాల?

మేరీని డాక్టరమ్మకు చూపించినా. బిడ్డ బాగుందని చెప్పింది. వాంతులు మాత్రం శనివారం రాత్రి మళ్ళా పట్టుకున్నాయి. నేను నవ్వుతూనే చెప్తున్నాలే గానీ, నువ్వు వస్తానని ఉత్తరం రాస్తావు, ఇది బాత్రూముకు పరిగెత్తుతాది. నీ పేరు చెప్తేనే దానికి వికారం. అంత పీడేందే నువ్వు?

పెద్దమ్మ
(డబ్బాలో ఈసారి నువ్వుల ముద్దలు కూడా ఉన్నాయి, లెక్కపెట్టి తిను.)


హైదరాబాదు,
3 ఆగస్టు.

పెద్దమ్మా,

ఈ ఉత్తరాన్ని పొయ్యి మీద పాలు పెట్టి చదవొద్దు. కూర్చొని చదువు.

నీ ఉత్తరం మాలకొండయ్య మామ ఇచ్చినప్పుడు నేను లక్ష్మమ్మ గారింటికే పోతున్నా. బస్సులో చదివినా. "చుట్టం వస్తే మందు కొట్టకుండా ఎట్లనే" అన్న చోట నా చేతిలో నువ్వుల ముద్ద జారి కింద పడింది.

ఆ రోజు లక్ష్మమ్మ గారికి చెప్పిన టైము పదకొండు. నేను పదింటికే పోయి బెల్లు కొట్టినా. లోపల ఒకటే కలకలం. "అయ్యో, అప్పుడే వచ్చిందే! ప్రియాంకా, ఆ మూల నువ్వు కొట్టు, ఈ మూల నేను కొడతా!" తలుపు వెనక డబ్బాను గలగలా ఊపుతున్న చప్పుడు. తర్వాత బుస్సు, బుస్సు. తలుపు తీసేసరికి అత్త చెంగుతో విసురుకుంటోంది, కడుపుతో ఉన్న కోడలు దగ్గుతోంది, వంటింట్లో నేను గాలి మిషన్ పెట్టే చోట ఒక బొద్దింక వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. లక్ష్మమ్మ గారు దాన్ని చూడనట్టు చూసి, "కాఫీనా, టీనా" అనింది.

అర్థమైందా పెద్దమ్మా? మందు ఎక్కడి నుంచి వస్తోందని ఇల్లిల్లూ వెతుకుతున్నా గదా, అది నా వెనకనే వస్తోంది. నేను ఫోన్ చేసిన ప్రతి ఇంట్లో నాకు మర్యాద చేయడానికే కొడుతున్నారు. అక్కకు వాంతులు నా పేరుతో కాదు, నా రాకతో.

నా తప్పూ ఉంది. మందంటే మల్లెపువ్వు డబ్బా కూడా మందేనని నీకు మొదటి ఉత్తరంలోనే విడమరిచి చెప్పాల్సింది. పత్తి చేనుకు కొట్టేదీ, బీరువా వెనక కొట్టేదీ పురుగును చంపడానికే. వాసన వేరు, అంతే. ఒకసారి కొడితే బిడ్డకు ఏమవుతుందో నేను చెప్పలేను. అది తెలియకనే గదా ఇన్ని సీసాలు మోస్తున్నది? తెలిసే దాకా మేరీ అక్క గదిలో వద్దు. పోయినసారి పోగొట్టుకున్నాం. ఈసారి మనం చేతులారా చేసే పని ఏదీ ఉండకూడదు.

అందుకే, నేను రాను. కాన్పు అయ్యేదాకా రాను. నేను వస్తే అక్కకు ప్రమాదం. నా కోసం ఇల్లు సర్దొద్దు, ఎదురు చూడొద్దు.

జెస్సీ


కొమరోలు,
11 ఆగస్టు, ఆదివారం, ఆరాధన అయినాక.

జెస్సీ,

నీ ఉత్తరం ఆఖరి పేజీ ముందు చదివినా, నా అలవాటు నీకు తెలుసు గదా. "నేను వస్తే అక్కకు ప్రమాదం" అని ఉంది. ఆ సీసాలు మోసి మోసి నీ ఒంటికి విషమంటుకుందని అనుకున్నా. కాగితాన్ని పట్టుకారుతో పట్టుకొని, కరోనా నాడు కూరగాయలు పెట్టినట్టు, మిద్దె మీద ఎండలో పెట్టినా. గాలికి ఎగిరి జోసెఫు పంచర్ షాపులో పడింది. ఆయన చదివి పెద్దనాయనకు చెప్పినాడు. ఇయ్యాల చర్చిలో నీ పేరున ప్రత్యేక ప్రార్థన జరిగింది. పాపం, ముసలోళ్ళు కొందరు ఏడ్చినారు కూడా.

తర్వాత మొదటి పేజీలు చదివినా.

సరే. నాకు కోపం రాలేదని చెప్తే అబద్ధమైతాది. బిడ్డ కోసం నేనెన్ని రాత్రులు మోకాళ్ళ మీద ఉన్నానో ఆ ప్రభువుకు తెలుసు. ఇల్లు శుభ్రం పెట్టుకోవడం కూడా పాపమేనా? నీ మాట తీసేయను, మేరీ గదిలో ఇంక కొట్టను.

కాకపోతే ఒక్కసారి, ఒకే ఒక్కసారి కొట్టాల. 25, ఆదివారం సాయంత్రం మనింట్లో కూడిక. మేరీ సుఖంగా కనాలని సంఘమంతా వచ్చి ప్రార్థన చేస్తాది. పాస్టరుగారు, పాస్టరమ్మ, ముప్ఫై నలభై మంది కింద చాపల మీద కూర్చుంటారు. వాన పడినప్పట్నుంచి వంటింటి తూములోంచి బొద్దింకలు దండు దండుగా వస్తాండాయి. పాస్టరుగారి తెల్ల చొక్కా మీద ఒకటి ఎక్కిందంటే నేనింక ఏ మొహంతో చర్చికి పోవాల? శనివారం సాయంత్రం కొట్టి, మూసి, ఆదివారం పొద్దున్నే కడిగేస్తా. మేరీ ఆ పూట వసారాలో పడుకుంటాది. నువ్వెట్లాగూ రావు గాబట్టి నీకు బాధ లేదు.

పెద్దమ్మ


హైదరాబాదు,
29 ఆగస్టు.

నాతో మాట్లాడని పెద్దమ్మకు,

చెప్పకుండా వచ్చినందుకు క్షమించు. చెప్పి వస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

శనివారం సాయంత్రం నేను గడప దగ్గర నిలబడేసరికి నీ చేతిలో డబ్బా, కాళ్ళ దగ్గర మూడు బొద్దింకలు. నువ్వు నన్ను చూసినావు, నేను వాటిని చూసినా, అవి మనిద్దరినీ చూసినాయి. చిన్నప్పుడు నేను పరీక్ష తప్పినప్పుడు కూడా నీ మొహం అంతగా వాడిపోలేదు. డబ్బా లాక్కున్నందుకు తిట్టు. తూముకు జాలీ గుడ్డ కట్టి, సబ్బు నీళ్ళతో మూలమూలా కడిగినందుకన్నా ఒక మంచి మాట రాయి. నడుము ఇంకా పట్టేసే ఉంది.

కూడికలో అక్క పక్కన కూర్చున్నా గదా, ఆ డబ్బా నా చున్నీ కింద ఉంది. ఎవురన్నా తీస్తారేమోనని దాని మీదనే కూర్చున్నా. పాస్టరుగారు కళ్ళు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టినాడు. తూములో కట్టిన గుడ్డను దాటి ఎట్ల వచ్చిందో, ఒకటి వచ్చింది. పెద్దది. చాపల అంచు మీదుగా నడిచి, పాస్టరుగారి బైబిలు ముందర ఆగి మీసాలు ఊపింది. అందరూ కళ్ళు మూసుకున్నారు, మనిద్దరం తప్ప. నువ్వు నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరవను. "ఆ డబ్బా ఇటివ్వు" అని కళ్ళతోనే అన్నావు. నేను ఇంకా గట్టిగా కూర్చున్నా. "ఆమేన్" అనేసరికి అది మంచం కిందికి పోయింది. అక్క కళ్ళు తెరిచి నన్నూ నిన్నూ చూసి, ఏం జరిగిందో తెలియకుండానే కడుపు పట్టుకొని నవ్వింది. ఆ రోజు దానికి వాంతి కాలేదు, నువ్వు గమనించినావో లేదో. మూడు ముద్దలు ఎక్కువే తినింది.

బస్సెక్కేదాకా నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. కారప్పొడి డబ్బా మాత్రం కిటికీలోంచి ఒడిలో పడేసినావు. అది చాలు.

ఇక్కడ సార్‌కు ఈ నెల మొదట్లోనే నీ ఉత్తరంలో చుట్టం వస్తే అన్న ఆ ఒక్క వాక్యం చదివి వినిపించినా. ఆయన "మా అమ్మ కూడా అంతే" అన్నాడు. ఇప్పుడు రూలు మారింది. ముందే ఒప్పుకున్న ఇళ్ళకు, ఏ రోజని చెప్పకుండా పోతున్నాం. ఇల్లు ఎట్లున్నా పర్వాలేదని, బొద్దింకలు కనపడితే మేం మార్కులేమీ తగ్గించబోమని మొదటే చెప్తున్నాం. లక్ష్మమ్మ గారు రెండు వారాలు నాకు కాఫీ ఇవ్వలేదు. మూడోసారి పోయినప్పుడు తనే వంటింట్లోకి పిలిచి, సింకు కింద చూపించి, "ఇదిగో, ఉన్నాయి. రాసుకో" అనింది. కాఫీలో చక్కెర ఎక్కువేసింది.

అక్కను చూసుకో. నేను ఎప్పుడొస్తానో రాయను.

డబ్బా దొంగ,
జెస్సీ


కొమరోలు,
22 సెప్టెంబరు, ఆదివారం.

చిరంజీవి జెస్సీకి,

పెద్దనాయన ఫోను చేసి చెప్పే ఉంటాడు. వెనక నుంచి టీ అంగడి కేకలు కూడా వినే ఉంటావు. అయినా నేను రాయాల. శుక్రవారం తెల్లారుజామున, గిద్దలూరు ఆస్పత్రిలో, మేరీకి ఆడబిడ్డ. తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డ ఏడుపు నీ ఏడుపే. నర్సమ్మ చెవిలో వేలు పెట్టుకొని, "ఈమెకు మైకు అక్కర్లేదు" అనింది. బిడ్డను నా చేతిలో పెట్టినప్పుడు పోయినసారి జ్ఞాపకమొచ్చి నేను కూడా ఏడ్చినా. ఇద్దరం పోటీగా ఏడ్చినాం.

నీకొక సంగతి చెప్పాల. బిడ్డను చూడడానికి పాస్టరమ్మ వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "యేసుమణక్కా, కూడిక నాడు దాన్ని నేనూ చూసినా" అనింది. నాకు భూమి చీలితే బాగుండు అనిపించింది. "నేనెందుకు చూసినానంటే, మా ఇంట్లో కూడా ఉన్నాయి, కళ్ళు మూసుకుంటే నాకు భయం" అనింది. ఆ తర్వాత ఒక్కొక్కరే బయటపడినారు. జోసెఫు పెండ్లాం చూసిందంట. శాంతయ్య మామ చూసినాడంట. ఆ రోజు మనింట్లో కళ్ళు మూసుకొని ప్రార్థన చేసింది పాస్టరుగారు ఒక్కరే.

శ్యాంసన్ కూడా బిడ్డను చూసి పోయినాడు. నేనూరుకుంటానా? "ఏం నాయనా, మీ ఇంట్లో ఏ మందు కొడతారు" అని అడిగినా. తల గోక్కొని, "మా అమ్మ ఒప్పుకోదత్తా, మా ఇంట్లో కొట్టం. చీపురే" అని చెప్పినాడు. అమ్మేవాడి నోట్లోంచి ఆ మాట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. నిన్ను బలవంతం చేయను. ఆలోచించు అని మాత్రం రాస్తున్నా, ఒక్కసారే రాస్తున్నా.

రేపు బిడ్డను ఇంటికి తెస్తున్నాం. ఊరంతా చూడడానికి వస్తాది. తూముకు గుడ్డ మార్చినా. సబ్బు నీళ్ళతో కడిగినా, నీ మాదిరి కాదు, సరిగ్గా కడిగినా. ఆ మల్లెపువ్వు డబ్బా నువ్వే ఎత్తుకపోతివి, కొత్తది కొనలేదు.

గ్యాసు బండ వెనక రెండు ఉన్నాయి. పొద్దున్నే చూసినా. వాటినట్లే వదిలేసినా.

ఎప్పుడొచ్చినా రావే.

పెద్దమ్మ